మూడు జిల్లాల నీటిపనులు: ముక్కల లెక్క, మొత్తపు లెక్క

గద్వాల, వనపర్తి, నాగరుకర్నూలు అను మూడు పట్టణములును 2016 అక్టోబరు వరకు ఒక్క మహబూబునగరు జిల్లాలోనివి. నేడు మూడు జిల్లాలకు ముఖ్యస్థానములు. ఈ మూటిని కలుపుచు పటముపై నొక గీత గీచి, దాని కిరుప్రక్కల గడచిన నలువదియైదు సంవత్సరములలో తలపెట్టిన నీటిపనులను లెక్కించినచో, ఇన్ని పనులు ఇంత దగ్గఱగా మఱియొకచోట కానవచ్చుట అరుదని తోచును. జూరాల ఆనకట్ట, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి, పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలు, తుమ్మిళ్ల ఎత్తిపోతలు, అంతకుముందే యున్న రాజోలిబండ కాలువ, కొండను తొలుచు శ్రీశైలము ఎడమగట్టు సొరంగము: ఇవి యన్నియు నీ సీమలోనివే, లేదా ఈ సీమను తాకుచు పోవునవే. వేలకోట్ల రూపాయలు వీనిపై వ్యయమైనవి. దేశమున ఎక్కడ ఆనకట్ట కట్టినను తట్టలు మోయుటకు పాలమూరు కూలీ పోయెనను మాట అందఱెఱిగినదే. అట్టి సీమకు నీరు వచ్చుచున్నదన్నచో సంతసింపనివా రెవరు?

నీరు వచ్చిన యూళ్లు కలవు. ఆ మాట ఒప్పుకొనకుండుట అన్యాయము. కాని కాలువ చివరనున్న రైతు మాత్రము వానకారు వచ్చినప్పుడెల్ల మొదట ఆకాశమువంకను, తరువాత మాత్రమే కాలువవంకను చూచుచున్నాడు. దీనికి కారణమేమని యడిగినచో ధనలోపమని కొందఱు, అవినీతియని కొందఱు, పొరుగు రాష్ట్రముల పేచీయని కొందఱు చెప్పుదురు. వీనిలో ప్రతిదానిలోను కొంత సత్యము లేకపోలేదు. మేము చెప్పదలచినది వేఱు. ఈ పనులలో ప్రతి ముక్కను సమర్థులైనవారే కట్టిరి. ముక్కకును ముక్కకును నడుమనున్న అతుకును చూచుటకు మాత్రము ఎవరిని నియమించిరో తెలియదు.

ఇట్టి బహుముఖ కార్యములను నడుపు విధానమును విచారించు శాస్త్రమొకటి గత శతాబ్ది నడుమ పుట్టినది. దానిని సిస్టమ్స్ ఇంజనీరింగ్ అందురు. సమష్టి నిర్మాణశాస్త్రమని మనము చెప్పుకొనవచ్చును. పేరుతో మాకు పేచీ లేదు. అమెరికాలోని బెల్ టెలిఫోను ప్రయోగశాలలవారు 1940 ప్రాంతమున ఈ మాటను వాడుకలోనికి తెచ్చిరి. ఒక యూరిలోని మనిషి వేఱొక యూరిలోని మనిషితో మాటలాడవలెనన్నచో తీగ, స్తంభము, మార్పిడి యంత్రము, దానిని నడుపు ఉద్యోగి, అన్నియు నొక్కటిగా పనిచేయవలెను గదా! తీగ మేలైనదే, యంత్రమును మేలైనదే, కాని రెండును కలియుచోట మాట తెగిపోవుచున్నదన్నచో తప్పు ఎవరిది? ఈ ప్రశ్ననుండియే ఆ శాస్త్రము పెరిగినది. చంద్రమండల యాత్రకు అపోలో ప్రయత్నము జరిగిన కాలమున సామ్యూల్ ఫిలిప్స్ అను సైన్యాధికారి దానికొక కట్టుబాటు తెచ్చెను. ఏ భాగమునందైనను ఒక మార్పు చేయదలచినవాడు ఆ మార్పువలన మిగిలిన భాగములకు కలుగు ప్రభావమును, వ్యయమును, కాలమును వ్రాసి చూపవలెను. ఆ భాగముల యధికారులందఱు చూచిన పిమ్మటనే మార్పునకు అనుమతి. మన నెల్లూరు సీమలోని శ్రీహరికోటలో 1979 ఆగస్టులో మొదటి ఎస్.ఎల్.వి.–3 సముద్రము పాలైనప్పుడు, విఫలతకు కారణమును ముక్కముక్కగా వెదకి, సరిదిద్ది, 1980 జులైలో మరల ఎగురవేసి నెగ్గిరి. రాకెట్టు కథ యిక చాలును. మనకు కావలసినది కాలువ.

ఇది పరదేశపు విద్య, మనకేల యనువారు గద్వాల చీర నొకమారు తిరుగవేసి చూడవలెను. ఒడలు నూలు, అంచు పట్టు. రెండు నూలుపోగుల స్వభావమును వేఱు, లాగుడును వేఱు, తడిసినప్పుడు ముడుచుకొను తీరును వేఱు. అంచును ఒడలును కలియుచోట పోగునకు పోగును పెనవేసి నేసిన నేతగాని నేర్పుమీదనే చీర వెల ఆధారపడియున్నది. నూలు నేసినవాడు నాపని అయినదని, పట్టు నేసినవాడు నాపనియు నయినదని చెఱియొక ముక్కను అంగడిలో పెట్టినచో దానిని చీర యనువా రుండరు.

గొలుసుకట్టు చెరువులును అట్టివే. పైచెరువు అలుగు పొర్లిన నీరు దిగువ చెరువునకు కట్టుదిట్టముగా చేరవలెను. పైకట్ట తెగినచో క్రిందికట్ట ఆ వరదకు నిలువలేదు. ఈ సంగతి పెద్దలకు తెలియును గనుకనే అలుగు వెడల్పును, కట్ట ఎత్తును ఒంటరిగా లెక్కకట్టలేదు. వనపర్తి సంస్థానమున సప్తసముద్రములని పేరొందిన చెరువులు వట్టి గొప్పకు తవ్వించినవి కావు. తూము తీయుటకు నీరటి, ఏ పంటకెంత నీరని నిర్ణయించుటకు తైబంది, పూడిక తీయుటకు ఊరివంతు: ఇన్ని యుండెను. ఈ యేర్పాటును శాస్త్రమని వారు పిలువలేదు; ఆచారమనిరి. 1908 సెప్టెంబరులో మూసీనది హైదరాబాదును ముంచినప్పుడు, కారణము కనుగొనవచ్చిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య పట్టణములోని గోడలను మాత్రము చూచి ఊరకుండలేదు. నది ఎగువకు పోయి 788 చెరువులలో 221 చెరువులు తెగినవని లెక్క తేల్చెను. ఒక చెరువు తెగుట వఱకు ఒక యూరి ప్రమాదము; వరుసగా తెగుట పట్టణమునకు ప్రళయము. ఉస్మాను సాగరము, హిమాయతు సాగరము ఆ మొత్తపు చూపునుండి పుట్టినవే.

ఇక మన మూడు జిల్లాలకు వత్తము. మొదట జూరాల. 1981లో శంకుస్థాపన జరిగినది. కృష్ణాజల వివాదమును విచారించిన బచావతు న్యాయస్థానము, అంతకుముందు హైదరాబాదు రాష్ట్రము తలపెట్టిన పథకములు రాష్ట్రముల పునర్విభజనవలన ఆగిపోయినవని గుర్తించి, పాలమూరు కరవును దృష్టిలో నుంచుకొని 17.84 టి.ఎం.సి.లను ప్రత్యేకముగా దీనికి కేటాయించినది. ఆయకట్టు 1.02 లక్షల ఎకరములు. ఆ లెక్కకు ఆనకట్ట సరిపోవును. తరువాత ఏమి జరిగినదో చూడుడు. ఈ జలాశయము నానుకొనియే భీమాకు 20 టి.ఎం.సి.లు, 2.03 లక్షల ఎకరములు. నెట్టెంపాడునకు 21 టి.ఎం.సి.లకు పైగా, 2 లక్షల ఎకరములు. కోయిలసాగరు విస్తరణకు 3.9 టి.ఎం.సి.లు, 50 వేల ఎకరములు. అన్నియు కూడినచో 63 టి.ఎం.సి.ల నీరు, 5.5 లక్షల ఎకరములు. జలాశయము నిండుగా పట్టు నీరెంత? పది టి.ఎం.సి.లకు తక్కువే.

కాబట్టి జూరాల చెరువు కాదు, గుమ్మము. వరద వచ్చిన దినములలో ఆ గుమ్మము ద్వారా లోనికి తీసికొన్న నీరే నీరు. తీసికొననిది శ్రీశైలమునకు పోవును. అట్లయినప్పుడు నెట్టెంపాడు క్రింద గుడెందొడ్డి, ర్యాలంపాడు జలాశయములు, భీమా క్రింద సంగంబండ, శంకరసముద్రము, రంగసముద్రము మొదలైనవి ఎంత త్వరగా నిండును, వానలో ఏది ముందు, ఏది వెనుక యనునది యొక్కటిగా నిర్ణయింపవలసిన విషయము. ఒక్కొక్క పథకమునకు ఒక్కొక్క నివేదికయున్నది. ప్రతి నివేదికయు జూరాలలో నీరున్నదనియే మొదలుపెట్టును. నలుగురు అన్నదమ్ములు ఒకే గాదెను చూపి నలుగురు షావుకార్లవద్ద అప్పు తెచ్చుకొన్నట్లున్నది.

కల్వకుర్తి ఎత్తిపోతల సంగతి యింకను స్పష్టము. శ్రీశైలము వెనుకనీటినుండి కొల్లాపురము దాపునగల ఎల్లూరులో మొదటి ఎత్తు, జొన్నలబొగుడలో రెండవది, గుడిపల్లిగట్టులో మూడవది. ప్రతిచోట 30 మెగావాట్ల పంపులు ఐదేసి. ఒక్కొక్కటి 800 క్యూసెక్కులు ఎత్తును. అనగా ఐదును నడచినచో 4,000 క్యూసెక్కులు. పథకము 25 టి.ఎం.సి.ల కొరకు రూపొందినది. పాఠకులు మాతోబాటు ఒక చిన్న గుణకారము చేయుదురు గాక. 4,000 క్యూసెక్కులు ఒక దినమెల్ల పాఱినచో 34 కోట్ల 56 లక్షల ఘనపుటడుగులు, అనగా మూడింట నొకవంతు టి.ఎం.సి. కంటె స్వల్పమధికము. 25 టి.ఎం.సి.లకు 72 దినములు పట్టును. ఇది సబబైన లెక్కయే. తెలంగాణ రాష్ట్ర మేర్పడిన పిమ్మట కేటాయింపును 40 టి.ఎం.సి.లకు, ఆయకట్టును నాలుగు లక్షల ఎకరములకు పైగా పెంచిరి. రైతులు హర్షించిరి. కాని పంపులు ఐదే, కాలువ వెడల్పును పాతదే. 40 టి.ఎం.సి.లకు ఐదు పంపులును ఒక్క గంటయు ఆగకుండ 116 దినములు నడువవలెను. మూడు పంపులే నడచు సంవత్సరమున 193 దినములు! కృష్ణకు వరదలుండు దినము లన్ని యున్నవా? పాలమూరు–రంగారెడ్డి పథకమువారు తమ లెక్కలో 60 దినములే వేసికొనిరి. ఒకే జలాశయమునుండి, ఒకే చోట, రెండు పథకములకు రెండు తీరుల వానకాలములు!

కోరిక పెరిగినప్పుడు దానికి తగినట్లు పంపు, కాలువ, మధ్యనుండు జలాశయము, విద్యుత్తు అన్నియు పెరుగవలెనని మేము చెప్పనక్కఱలేదు. ఫిలిప్స్ పెట్టిన కట్టుబాటు ఇక్కడ ఉండినచో ఆ ఉత్తర్వు కాగితముతోబాటే ఇంకొక కాగితము జతపడియుండెడిది: మార్పువలన ఏయే భాగములు చాలకుండునో, వానిని పెంచుట కెంతకాలమో, అంతవఱకు ఏ గ్రామములకు నీరు చేరదో. ఆ గ్రామముల పేళ్లు ముందుగా చదివినచో బహుశః చప్పట్లు కొంత తగ్గియుండెడివి. తరువాతి కన్నీళ్లును తగ్గియుండెడివి.

2020 అక్టోబరులో ఎల్లూరు పంపుగృహము నీట మునిగినది. నీటిని ఎత్తుటకు కట్టిన యిల్లే నీటి పాలయినది. సేద్యమునకు మాత్రమే గాక, మిషన్ భగీరథ క్రింద త్రాగునీరును ఎల్లూరు జలాశయమునుండియే పోవుచుండుటచే వేలకొలది గ్రామములలో ఆందోళన పుట్టినది. దాపుననే పాలమూరు–రంగారెడ్డి పథకమునకు భూగర్భ పంపుగృహము త్రవ్వుచుండిరి. ఆ పేలుళ్ల యదటువలననే పాత గృహము దెబ్బతిన్నదని ఒక పక్షమువారు, యంత్రలోపమని మఱియొక పక్షమువారు వాదించిరి. ఆ వివాదమున తీర్పు చెప్పుటకు మేము పూనుకొనము. మాకు తోచు ప్రశ్న వేఱు. క్రొత్త గోతికిని పాత గృహమునకును నడుమ నుండవలసిన దూరమును, ఒక్కొక్క పేలుడులో వాడదగిన మందును, పాత గోడలపై అదటును కొలిచి అవసరమైనచో పనిని తక్షణము నిలుపు అధికారమును ఎవరి చేతిలో ఉంచిరి? పాత పథకపు ఇంజనీరునకు క్రొత్త పథకపు గుత్తదారుని ఆపు హక్కు లేదు. క్రొత్తవారికి పాతదానితో సంబంధము లేదు. ఇరువురకు పైనున్నవాడు రాజధానిలో నున్నాడు.

ఒక్కసారి జరిగినచో దైవికమనవచ్చును. 2014 జులై చివర దిగువ జూరాల విద్యుత్కేంద్రము, ఇంకను కట్టుచుండగనే, వరదనీట మునిగినది. 2024 సెప్టెంబరు మొదటివారములో నాగరుకర్నూలు జిల్లా వట్టెము పంపుగృహములోనికి భారీవర్షముల వరద సొరంగమార్గమున చొరబడినది. పదేండ్లలో మూడు గృహములు, మూడు పథకములు. మొదటిదానిలో నేర్చుకొన్న పాఠము రెండవదానికి, రెండవదాని పాఠము మూడవదానికి చేరుటకు దారి యుండినచో సొరంగపు నోటివద్ద వానకారునకు ముందే అడ్డుగోడ లేచియుండెడిది. గోడకు కావలసినది మట్టియు, సిమెంటును. పెద్ద శాస్త్రమేమియు కాదు. కాని ఆ గోడ ఎవరి అంచనాలోను లేనిచో ఎవరు కట్టుదురు?

నష్టము యంత్రములతో ముగిసిన చోట నిట్టూర్చి ఊరకుందుము. అమ్రాబాదు అడవులలో అట్లు ముగియలేదు. 2020 ఆగస్టు 20వ తేది రాత్రి శ్రీశైలము ఎడమగట్టు భూగర్భ విద్యుత్కేంద్రమున నిప్పంటుకొని తొమ్మండుగురు మరణించిరి. బ్యాటరీలు మార్చు పని జరుగుచుండగా ఆ ప్రమాదము జరిగినది. ప్రమాదవేళ యంత్రమును విడదీయు మీటలకు శక్తినిచ్చునవి బ్యాటరీలే. వానినే మార్చుచున్నప్పుడు యంత్రములు నడువవచ్చునా, నడచినచో ఆపత్తువేళ విడదీయుట కేది యాధారము, పొగ క్రమ్మినచో మనుష్యులు బయటపడు దారి యేది? ఈ ప్రశ్నలు బ్యాటరీ పనివానివి కావు, యంత్రపు పనివానివి కావు, గాలిగొట్టముల పనివానివియు కావు. మూటికిని నడుమనున్నవి.

2025 ఫిబ్రవరి 22న దోమలపెంటవద్ద ఎడమగట్టు సొరంగము కూలినది. సుమారు 44 కిలోమీటర్ల సొరంగమది. 2005లో పని నప్పగించిరి. రెండు కొసలనుండి రెండు మహాయంత్రములతో తొలుచుచు వచ్చిరి. పైన పులుల అభయారణ్యము. కావున నడుమ ఎక్కడను పైనుండి దిగు బావిగాని, ప్రక్కదారి గాని పెట్టుకొనలేదు. అడవిని కాపాడవలెనన్న సంకల్పము మంచిదే. కాని దాని ఫలితముగా లోపల 14వ కిలోమీటరువద్ద పనిచేయు మనిషికి వెలుపలికి వచ్చుటకు వచ్చిన దారి యొక్కటే మిగిలినది. నీరు, బురద, రాయి ఒక్కుమ్మడి విరుచుకుపడినప్పుడు యెనమండుగురు చిక్కుకొనిరి. పంజాబు, ఉత్తరప్రదేశము, జార్ఖండు, కాశ్మీరు సీమలనుండి పొట్టకూటికి వచ్చినవారు. సైన్యము, నౌకాదళము, గనుల పనివారు వారములకొలది శ్రమించినను దొరికినవి రెండు దేహములే. అడవిశాఖ షరతు, సొరంగపు దిశ, యంత్రపు ఎంపిక, ప్రాణరక్షణ: ఇవి నాలుగు వేర్వేఱు కార్యాలయములలో నాలుగు వేర్వేఱు సంవత్సరములలో నిర్ణయమగునవి. ఒకే బల్లపై పెట్టి చూచినవాడు, నడుమ దారి లేనప్పుడు లోపల ఎంతమందిని పంపవచ్చును, ముందునున్న రాతిని ఎంతదూరము పరీక్షింపవలెను అని యడుగక మానడు.

పాలమూరు–రంగారెడ్డి పథకము వీనియన్నిటిలో పెద్దది. 2013లో సర్వేకు ఉత్తర్వు వచ్చినప్పుడు నీరు తీయుచోటు జూరాల. 2015 జూనులో 35,200 కోట్ల రూపాయల అంచనాతో అనుమతించునాటికి చోటు శ్రీశైలమునకు మాఱినది. 60 దినములలో 90 టి.ఎం.సి.లు, నార్లాపురము, ఏదుల, వట్టెము, కరివెన, ఉదండాపురములలో జలాశయములు, 12.30 లక్షల ఎకరములు. పైన చెప్పిన జూరాల ఇరుకును తలచినచో చోటు మార్చుట అవివేకమనలేము. అయితే మార్పుతో ఎత్తవలసిన ఎత్తు పెరిగినది. దానితో కరెంటు పెరిగినది. ఒక టి.ఎం.సి. నీటిని నూఱు మీటర్లు ఎత్తుటకు, యంత్రములలో పోవు నష్టముతో గూడ, దాదాపు 96 లక్షల యూనిట్లు కావలెను. ఇది ప్రభుత్వ నివేదికలోని అంకె కాదు. నీటి బరువును ఎత్తుతో గుణించినచో పాఠశాల విద్యార్థికిని వచ్చు లెక్క. 90 టి.ఎం.సి.లకు, అంతకంతకు పెరుగు మెట్లకు, ఆ లెక్కను పాఠకులే కట్టుకొనవచ్చును. ఆ బిల్లును ప్రతి సంవత్సరము ఎవరు చెల్లింతురో శిలాఫలకముపై వ్రాయలేదు.

అనుమతుల సంగతియు నిట్టిదే. పర్యావరణానుమతి చేతికి రాకముందే పని మొదలైనది. 2021 అక్టోబరులో చెన్నైలోని హరిత న్యాయస్థానము సేద్యపు పనులను ఆపినది. 2022 డిసెంబరులో డిండి పథకముతో కలిపి 900 కోట్ల రూపాయలకు పైగా అపరాధము విధించినది. 2023 ఫిబ్రవరిలో సుప్రీముకోర్టు అపరాధముపై నిలుపుదల నిచ్చి, త్రాగునీటికి 7.15 టి.ఎం.సి.ల మేరకు పనిచేసికొమ్మనినది. 2023 సెప్టెంబరు 16న నార్లాపురమువద్ద 145 మెగావాట్ల పంపు నొకదానిని నడిపిరి. నీరు పైకెగసిన దృశ్యము చూడముచ్చటైనదే. కాని అప్పటికి ఆ నీటిని పొలమునకు చేర్చు కాలువలు లేవు. అనుమతిని పనికి అడ్డుగా భావించువారు దానిని చివరకు ఉంచుదురు. అది పనిలో నొక భాగమని తలచువారు మొదట ఉంచుదురు; ఏలయన, అన్నిటికంటె ఎక్కువకాలము పట్టు పనినే మొదట మొదలుపెట్టవలెనని ఇల్లు కట్టించిన ప్రతి గృహస్థునకు తెలియును.

భీమా పథకములో శంకరసముద్రము కట్ట లేచినది. ముంపున పడు కానాయపల్లివారి పునరావాసము తేలలేదు. ఏండ్లకొలది నిండుగా నీరు నిలుపుటకు వీలు లేకపోయెను. కట్ట అంచనాలో మట్టి ఘనపుటడుగులలో కొలిచిరి. గ్రామము కదలుట కెంతకాలము పట్టునో కొలుచు కొలబద్ద ఆ అంచనాలో లేదు. శ్రీశైలము క్రింద వందకు పైగా గ్రామములు 1981 ప్రాంతమున లేచిపోయినప్పుడే ఈ కొలబద్ద తయారుచేసికొని యుండవలసినది. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాయి రాయికి గుర్తువేసి అలంపురమునకు తరలించిన నేర్పు మనకుండెను. ఇండ్లు కోల్పోయినవారి విషయమున ఆ శ్రద్ధ కానరాలేదు.

నడిగడ్డ రైతుకు రాజోలిబండ మాట ఎత్తినచో చాలును. తుంగభద్రపై ఆనకట్ట హైదరాబాదు సంస్థానకాలమున తలపెట్టినది. అప్పుడు తలగడయు కాలువ చివరయు ఒకే ప్రభుత్వము క్రింద నుండెను. 1956లో రాష్ట్రముల హద్దులు మాఱగా తల రాయచూరు జిల్లాతో మైసూరునకు, తోక అలంపురముతో ఆంధ్రప్రదేశమునకు వచ్చినది. 87,500 ఎకరములకు 15.9 టి.ఎం.సి.లు రావలసినది, కాగితముపై హక్కు చెక్కుచెదరలేదు, కాలువలో నీరు మాత్రము మూడుతరములుగా తగ్గుచునే వచ్చినది. తుదకు 2017లో తుమ్మిళ్లవద్ద అదే తుంగభద్రనుండి పంపులతో నీరెత్తి కాలువ చివరి పొలములకు అందించు పథకము మొదలుపెట్టిరి. 2018లో నీరు వచ్చినది. అక్కఱ తీరినందుకు సంతోషమే. అయినను వాలున తనంత తాను రావలసిన నీటిని కరెంటు పెట్టి కొనుక్కొనుచున్నామని మఱువరాదు. హద్దు కలియుచోట ఉభయరాష్ట్రముల ఇంజనీర్లు కూర్చుండి ప్రతిదినము గేజీ చదివి సంతకము పెట్టు ఏర్పాటు గట్టిగా నిలిచినచో ఎంతకు తీరెడిదో!

సరళాసాగరమును గూర్చి రెండు మాటలు చెప్పక తప్పదు. వనపర్తి రాజా రామేశ్వరరావు తమ తల్లి పేర 1949లో మొదలుపెట్టించిన ఈ జలాశయము 1959లో పూర్తియైనది. నీరు మట్టము మీఱగానే మనిషి ప్రమేయము లేకుండ తనంత తానే పనిచేయు సైఫనులు దీని ప్రత్యేకత. దూరదేశములనుండి ఇంజనీర్లు వచ్చి చూచిపోయిరి. అరువదియేండ్లు అది నిలిచినది. 2019 డిసెంబరు 31 ఉదయమున, వానలు వెలిసిన చలికాలమున, కట్ట తెగినది. నీరంతయు దిగువ రామన్‌పాడు వంక పరుగెత్తినది. ప్రాణనష్టము లేకపోవుట అదృష్టము. ఏండ్ల తరబడి సరిగా నిండని చెరువు ఒక్క సంవత్సరమున నిండి, నెలలు నిండుగానే యుండినచో, ఎండి బీటలు వాఱిన పాతకట్ట దానికి సిద్ధముగా నున్నదా యని చూడవలెను. సైఫను పైకి పొర్లు నీటిని కాపాడునే గాని కట్ట గర్భమున ఊరు నీటిని కాపాడదు. క్రొత్త కాలువలు పాత చెరువులకు నీరిచ్చు దినములివి. వందలకొలది కట్టలు తమ జీవితమున నెన్నడును చూడని రీతిని నిండుచున్నవి. నీరు విడువకముందు కట్టను పరీక్షించుట క్రొత్త పథకపు పనియా, పాత చెరువుల శాఖ పనియా?

ఇన్ని పరీక్షలు పెట్టినచో పని ఎన్నటికి పూర్తియగునని కొందఱు మాకు చెప్పవచ్చును. కల్వకుర్తికి, జూరాలకు, సొరంగమునకు పట్టిన కాలమును చూచిన పిమ్మట ఈ యాక్షేపణకు బలము తక్కువ. అతుకులను చూడకుండ తొందరపడినవియే ఆలస్యమైనవి. మఱియొక యాక్షేపణ గట్టిది: ఏ గ్రామము మునుగవలెను, ఏ తాలూకాకు ముందు నీరు అనునవి రాజకీయ ప్రశ్నలు, శాస్త్రము వీనిని తీర్పజాలదు. నిజము. తీర్పుమని మేమడుగము. ఆ నిర్ణయము చేయువారు దాని వెంట వచ్చు పనులన్నిటిని కన్నులార చూచి, ఒక చోట వ్రాసి, సంతకము చేయవలెనని మాత్రమే యడుగుచున్నాము.

మూడు జిల్లాలలోని యీ పనులన్నిటికి కలిపి ఒక్క ప్రధానేంజనీరును, ఒక్క పుస్తకమును ఏర్పఱుపవలెను. ఆ పుస్తకములో ఏ పంపునకు ఎంత నీరు, ఎన్ని దినములు, ఎంత కరెంటు, ఏ కాలువ ఎంత మోయును, ఏ కట్ట ఎప్పుడు పరీక్షింపబడినది యని వ్రాయబడవలెను. పైనుండి ఉత్తర్వు మాఱినప్పుడెల్ల ఆ పుట తిరుగ వ్రాసిన పిమ్మటనే ఉత్తర్వు చెల్లవలెను. పుస్తకము ప్రతి మండల కార్యాలయమున తెలుగులో, ఎవరడిగినను చూపునట్లు ఉండవలెను. క్రొత్త పంపును ప్రారంభించుదినమున పూలమాలతోబాటు చివరి తూమువద్ద కొలిచిన నీటి లెక్కయు ప్రకటింపవలెను. ప్రతి వానకారునకు నెల ముందు సొరంగపు నోళ్లు, పంపుగృహముల గోడలు, బయటపడు దారులు, ఆపత్కాలపు బ్యాటరీలు ఒక్కొక్కటిగా నడిపి చూడవలెను. గుత్తదారు పనిముగించి పోయిన పిమ్మట యంత్రమును నడుపువారు, కాలువ గట్లు కాచువారు, పిల్లకాలువ తెఱచువారు ఎంతమంది, వారి జీతము ఏ పద్దులోనిది యనునది అంచనా నాడే తేలవలెను. పూర్వము చెరువునకు కట్టతోబాటే నీరటికి మాన్యము వ్రాసి యిచ్చెడివారు. నేడు 145 మెగావాట్ల పంపునకు వాకిలి ముందు రాతిపలక యున్నది. దిగువ తూమునకు నీరటి యింకను నియమింపబడవలసియున్నది.